పుట్టింటి సెంటర్‌లో పేరు

జూలూరుపాడులో హెప్సిబా ఇంటికీ అంగన్‌వాడీ సెంటర్‌కీ మధ్య ఉన్నవి నాలుగంటే నాలుగు ఇళ్లు. ఆ నాలుగిళ్లు దాటి పోవడానికి ఆమెకు పది నెలలు పట్టింది.

ఎందుకంటే, మామ జోజి చర్చిలో పెద్ద. ప్రతి క్రిస్మస్‌కు ముసలోళ్లకు దుప్పట్లు పంచే ఇల్లు అది. మొగుడు క్రిస్టోఫర్ మణుగూరు వైపు బొగ్గు లారీ తోలేవాడు. ఓనరు లారీ అమ్ముకున్నాక వారంలో మూడు రోజులు పని, నాలుగు రోజులు మంచం. అయినా సరే, "మనం పంచేటోళ్లం హెప్సీ, గిన్నె పట్టుకొని నిలబడేటోళ్లం కాదు" అన్నడు ఒకసారి. నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకు కూడా తియ్యగానే అనిపించింది.

టీకాల రోజు హెప్సిబా కొడుకు నానిని నర్సమ్మ తూకం వేసింది. పదిహేను నెలలకు ఏడున్నర కిలోలు. కార్డు మీద పెట్టిన చుక్క పసుపు రంగులో, బరువు తక్కువ పిల్లల వరసలో పడింది.

"ఏం పెడుతున్నవమ్మా?"

"గంజి. బిస్కెట్లు."

"బిస్కెట్లు టీలో ముంచా?"

హెప్సిబా కార్డు మడిచి సంచిలో పెట్టుకున్నది.

"అంగన్‌వాడీల బాలామృతం పిండి తెచ్చుకో. ఊరికే ఇస్తరు కదా, నీకేం కష్టం" అన్నది నర్సమ్మ. కష్టం ఏందో ఆమెకు ఎట్ల చెప్పాలె.

మర్నాడు మధ్యాహ్నం, సెంటర్‌లో భోజనం చేసే తల్లులంతా తిని వెళ్లిపోయి ఉంటారని లెక్క వేసుకొని, కొంగు తల మీదికి లాక్కొని పోయింది. తీరా పోతే నలుగురు ఆడవాళ్లు వాకిట్లో ప్లేట్లు కడుగుతూ కూర్చున్నరు. టీచర్ సుబ్బరత్నం ఆధార్ నంబరు ఫోనులో కొట్టి, కళ్లద్దాలు సవరించుకొని, మళ్లీ కొట్టింది.

"నీ పేరు ఇక్కడ ఎక్కదు బిడ్డా. మీ అమ్మగారి ఊళ్లో ఉన్నది."

"తొలి కాన్పు అక్కడే అయింది కదా టీచరమ్మా. అప్పుడు రాయించిన్రు."

"రాయించుడొక్కటే కాదు. నెల నెలా బాలామృతం తీసుకున్నట్టున్నది. మొన్న పదో తారీఖు కూడా."

ప్లేట్ల చప్పుడు ఆగింది. "జోజి పెద్దయ్య కోడలు కదూ. రెండు చోట్ల తింటున్నదా?" అన్నది ఒకామె.

"గట్ల తింటేనే కదా దుప్పట్లు పంచేది" అన్నది ఇంకొకామె. నలుగురూ నవ్విన్రు.

హెప్సిబాకు చెవులు భగ్గుమన్నయి. ఏమంటున్నదో తనకే తెలియకుండా, "నేను చెంచాడు కూడా తేలే. ఆ ఊరి టీచరే తింటున్నది నా బిడ్డ నోటికాడిది" అన్నది.

అనగానే నవ్వు ఆగిపోయింది. అందరూ అయ్యో అన్నరు. ఒకామె జరిగి చోటు కూడా ఇచ్చింది. అంతసేపు కాలుతున్న ముఖం చల్లబడేసరికి హెప్సిబాకు ఆ మాట నిజమే అనిపించింది.

"నోటి మాటతో కాదు, రాసిస్తవా? శుక్రవారం సూపర్‌వైజర్ మేడం వస్తది" అన్నది సుబ్బరత్నం. హెప్సిబా రాసిచ్చింది. పది చదివిన పిల్ల, అక్షరాలు గుండ్రంగా వచ్చినయి. సుబ్బరత్నం ఆ కాయితాన్ని ఫోటో తీసి పైకి పంపింది.

గురువారం పొద్దున్నే నానిని చంకనేసుకొని, సాక్ష్యానికి పాత తల్లీబిడ్డ కార్డు తెచ్చుకుందామని బస్సెక్కింది. కొత్తగూడెంలో మారి, మణుగూరు దాటి, అడవి అంచున అమ్మగారింటికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

వంటింట్లో జమ్లి కూర్చొని ఉన్నది. తమ్ముడు క్రాంతికుమార్ రెండేళ్ల కింద అవతలి గూడెం నుంచి తెచ్చుకున్న పిల్ల. చర్చిలో పెళ్లి కాలేదు కాబట్టి ఆ ఇంట్లో ఆమె ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఎవరన్నా వస్తే లోపలికి పోవాలె. ఒళ్లో ఏడాది ఆడపిల్ల. చేతిలో గిన్నె. పొయ్యి పక్కన, మూల కత్తిరించిన బాలామృతం ప్యాకెట్. హెప్సిబాను చూసి జమ్లి గిన్నెను వెనక్కి జరుపుకున్నది.

పెరట్లో నుంచి తల్లి ఇన్నమ్మ వచ్చింది.

"అమ్మా, ఇది ఎవరి పేరు మీద తెచ్చినవ్?"

"నీ పేరు మీదనే. ఓటీపీ నంబరు తమ్ముని ఫోనుకు వస్తది. టీచర్ అడిగితే, హెప్సీ లోపల పిల్లగాన్ని పండబెడుతుంది అని చెప్తున్న." ఇన్నమ్మ గొంతులో బెదురు లేదు. "నీకు అక్కర్లేదంటివి కదా బిడ్డా."

"ఎప్పుడన్న?"

"ఈస్టర్‌కు వచ్చినప్పుడు. మూడు నెలల ప్యాకెట్లు దాచి నీ సంచిలో పెడితే, తీసి అవతల పడేసినవ్. మా ఇంట్ల డబ్బా పాలపొడి పెడతరు, గిది బర్రెకు కలిపి పొయ్ అన్నవ్. బర్రె యాడిది మనకు? ఈ పిల్ల ఆకలికి గుక్క పట్టింది. పెట్టిన."

హెప్సిబాకు అంతా గుర్తుకొచ్చింది. అన్నది. నవ్వుతూ అన్నది. ఆ రోజుకే అత్తింట్లో పాలపొడి డబ్బా ఖాళీ అయి, అందులో ఉప్పు పోసుకున్నది. తల్లి ముందర కూడా గొప్పకు పోయింది. నాని ఎండిపోయింది ఎవరో తిన్నందుకు కాదు.

"టీచర్ మీద కాయితం రాసిచ్చిన అమ్మా" అన్నది మెల్లగా.

ఇన్నమ్మ గడప మీద కూలబడింది. "కవిత మీదనా? నీకు నొప్పులొచ్చిన్నాడు వానలో ఉరికి ఆటో తెచ్చింది ఆమెనే కదనే."

జమ్లి ప్యాకెట్ మూల మడిచి రెండు చేతులతో ముందుకు పట్టింది. "నీ బాబుదని తెల్వదు వదినె."

హెప్సిబా చేయి చాపలేకపోయింది. "పెట్టు. చల్లారిపోతుంది" అన్నది.

ముగ్గురూ కలిసి కవిత సెంటర్‌కు పోయిన్రు. అప్పటికే ఆమెకు పైనుంచి ఫోను వచ్చింది, కళ్లు ఉబ్బి ఉన్నయి.

"బిడ్డను చూడకుండ ఇచ్చిన, అది నా తప్పే. దానికి ఏమన్నా పడత. తిన్ననంటే మాత్రం పడ" అన్నది. తర్వాత ఇన్నమ్మ వైపు తిరిగింది. "ఈ పిల్ల పేరు ఎందుకు రాయించలే?"

"ఏమని రాయించాలె మేడం? చర్చిలో పెళ్లి కాకపాయె."

"నా పుస్తకంలో చర్చి గడి లేదు ఇన్నమ్మా. తల్లి పేరు, బిడ్డ బరువు. అంతే."

జమ్లి పేరు రాసుకున్నది, బిడ్డను తూచింది. క్రాంతికుమార్‌కు ఫోను చేసి, నంబరు చెప్పించుకొని, హెప్సిబా పేరు జూలూరుపాడుకు మార్చింది. చివరికి ఆమె ముఖం చూడకుండానే, "ఆ కాయితం సంగతి నువ్వే చూసుకో" అన్నది.

శుక్రవారం సెంటర్ కిక్కిరిసిపోయింది. పిల్లల తూకాల రోజు, దానికి తోడు తమాషా ఒకటి ఉన్నదని వాడకంతా తెలుసు. సూపర్‌వైజర్ మేడం చేతిలో ఆ గుండ్రని అక్షరాల కాయితం.

"మేడం, కొంచెం పక్కకు వస్తరా?"

"అందరి ముందే రాసినవట కదమ్మా. ఇక్కడే చెప్పు."

హెప్సిబా నాని వీపు మీద చేయి వేసుకొని నిలబడ్డది. "ఆ టీచర్ తినలే మేడం. మా అమ్మ తెచ్చి మా మరదలి బిడ్డకు పెట్టింది. మా ఇంట్ల అన్నీ ఉన్నయని అమ్మకు నేనే చెప్పిన." అక్కడిదాకా బాగానే వచ్చింది. నానిని ఇంకో భుజం మీదికి మార్చుకొని ఆ తర్వాతి రెండు మాటలు అన్నది. "ఏం లేవు."

ఎవరూ నవ్వలే. మొన్న నవ్వినామె కడిగిన ప్లేటునే మళ్లీ కడిగింది. సూపర్‌వైజర్ మేడం ఆ కాయితం వెనకే ఆమెతో అంతా మళ్లీ రాయించి, రెండు సంతకాలు తీసుకున్నది. సుబ్బరత్నం ప్యాకెట్, గుడ్లు ఇచ్చింది.

ఆమె ఇంటికి చేరకముందే కబురు చేరింది. అరుగు మీద ఉన్న జోజి, కోడలిని చూసి, లేచి లోపలికి పోయిండు. తలుపు మాత్రం వేయలే.

క్రిస్టోఫర్ ప్యాకెట్‌ను చాలాసేపు తిప్పి చూసిండు. "ఎట్ల కలపాలె ఇది?"

"వేడి నీళ్లల్ల."

అతను నీళ్లు పెట్టిండు. హెప్సిబా నానిని ఎత్తుకొని గోడవైపు తిరిగి నిలబడ్డది. మొగుని ముఖం చూసే ధైర్యం లేదు. వెనక చెంచా గిన్నెకు తగులుతున్న చప్పుడు.

"ఉండలు కడుతుంది" అన్నడు.

"చేత్తో నలుపు" అన్నది, తిరక్కుండానే.