మిలోస్ మైల

సమాధి అనే మాట మర్యాదగా ఉంటుందనుకోవడం నా తెలివితక్కువతనం. గ్రీసులోని మిలోస్ దీవికి వెళ్తున్నామని ఫోన్లో చెబితే, అక్కడేముందని అత్తయ్యగారు అడిగారు. తొలినాటి క్రైస్తవులు కొండను తొలిచి కట్టుకున్న శ్మశానం అనడానికి నోరు రాక, "పాతకాలంవాళ్ల సమాధులండీ" అన్నాను.

"మహాత్ములయే అయుంటయి. జర విభూతి తే బిడ్డా, గృహప్రవేశం నాడు పెట్టుకుందాం."

తిరుగు విమానం దిగి నేరుగా చేవెళ్లలో ఆవిడ ఇంటికి వెళ్లాలి. మర్నాడే మొయినాబాద్‌లో మా కొత్త ఇంటి గృహప్రవేశం. శ్మశానం చూసొచ్చామని తెలిస్తే మమ్మల్ని పీటల మీద కూర్చోనిస్తారా? సమాధుల సంగతి దాచి, సమాధానంగా "సరేనండీ" అని ఫోన్ పెట్టేశాను.

మిలోస్‌లో చూస్తే, మెత్తటి రాతిలో సొరంగం. రెండు వైపులా కమాను గూళ్లు, గూటికో సమాధి, అన్నీ ఖాళీవే. ఒక్కోదాంట్లో కుటుంబమంతటినీ పెట్టేవారని గైడు చెప్పింది. చిన్న దీపాల వెలుగులో అందరూ గోడలు చూస్తుంటే, నేను దేనికీ తగలకుండా చేతులు కట్టుకుని నడిచాను.

"ఒక్క గూట్ల ఇంటిల్లిపాదా! మనకు మూడు బెడ్రూములు చాలుతలేవు" అంది మా ఆవిడ.

ఎయిర్‌పోర్టుకు మా బావమరిది కారు తెచ్చాడు, చూడగానే ఇద్దర్నీ వాటేసుకున్నాడు. దారి పొడుగునా నవ్వే. "మీరు పోయిన జాగ ఫోన్ల చూసిన బావా, అవి శవాలను పెట్టిన బొందలు. అవ్వకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"రేపటిదాకా ఆగు, నీకు దండం పెడతా."

"ఆగుత, ఆగుత."

చేవెళ్లలో గేటు దగ్గర అత్తయ్యగారు విభూతి కోసం చెయ్యి చాపడమే ఆలస్యం, "విభూతి ఏడిదే అవ్వా! బొందలగడ్డకు పోయొచ్చిన్రు" అనేశాడు బావమరిది.

"గేటు ముట్టకుండ్రి!"

వేల మైళ్లు ఎగిరొచ్చినా మైల మాత్రం దిగలేదు. గేటు బయటినుంచే అడిగాను: "మరి రేపు... పీటలు?"

"గంత ఫికర్ ఎందుకు బిడ్డా? తల మీదికెల్లి తానం చేస్తే పోతది. తల ఆరినంక ఏడనన్న కూసో."

ఇన్నాళ్ల బెంగకు మందు ఒక బకెట్ నీళ్లు! బావమరిది ఇకిలిస్తూ గడప వైపు నడిచాడు.

"అత్తయ్యగారూ, మైలవాళ్లను ముట్టుకుంటే?"

"వాళ్లకు గూడ అంటుతది."

"అయితే ఎయిర్‌పోర్టులో మమ్మల్ని గట్టిగా వాటేసుకున్నది మీ అబ్బాయేనండీ."

"ఆగురా ఆడనే!"

పెరట్లో నాకూ మా ఆవిడకూ వేణ్నీళ్లు దొరికాయి. బావమరిది బకెట్ మాత్రం చల్లటి బోరు నీళ్లతో నేనే నింపిచ్చాను.