జర్మన్‌లో నా ఖాతా

చేపలమ్మిన డబ్బు మా కళింగపట్నంలో ఆడవాళ్ళ రొంటినే ఉంటుంది. మగవాళ్ళు వేటాడి తెస్తారు. బేరం మాది, డబ్బూ మాదే. మా అత్తను అడక్కుండా మా మామ బీడీకట్ట కూడా కొనడు. అదే ఇంట్లో, శ్రీకాకుళం ఆసుపత్రిలో నర్సుగా చేసే నా జీతం మాత్రం మా బావ జేబులో ఉంటుంది. బావంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. బ్యాంకులో ఇచ్చింది అతని ఫోను నంబరే, కార్డూ అతని దగ్గరే. చేపల డబ్బుకో న్యాయం, బ్యాంకు డబ్బుకో న్యాయం. జర్మన్ నేర్చుకునేదాకా ఇందులో నాకేమీ వింత కనపడలేదు.

జర్మనీలో నర్సు ఉద్యోగానికని విజయనగరం టీచరమ్మ దగ్గర ఫోనులో పాఠాలు మొదలుపెట్టాను. పుస్తకం భాష గంజిపెట్టిన చీరలాంటిదట, రోజూ కట్టుకునేది వేరే ఉంటుందట. అలా అని ఆవిడ బ్యాంకు మాటలు ఎత్తుకుంది. డబ్బుని అక్కడి కుర్రకారు 'కోలె' అంటారు, అంటే బొగ్గు. చేతిలో చిల్లిగవ్వ లేకపోతే 'ఇష్ బిన్ ప్లైటె'. నాకో ఖాతా కావాలి అనడానికి 'ఇష్ బ్రౌఖ్ ఐన్ కోంటో'. బస్సులో వస్తూ పోతూ ఇవే వల్లించేదాన్ని.

ఒకరోజు పాఠంలో ఆవిడ బ్యాంకు గుమాస్తా అయింది, నేను ఖాతా తెరవడానికొచ్చిన మనిషిని. ఫోను నంబరు అడిగితే తడుముకోకుండా బావ నంబరు జర్మన్‌లో అప్పజెప్పాను. కార్డు ఎవరి పేరున పంపాలంటే బావ పేరే చెప్పాను.

"మీ ఆయన కూడా జర్మనీ వస్తున్నారా అమ్మా?" అని తెలుగులో అడిగింది.

"లేదండీ."

"మరి కార్డు ఇక్కడికొస్తే అక్కడ కూరగాయలెలా కొంటావు?"

అంకెలు తప్పు లేకుండా చెప్పానని మెచ్చుకుంటుందనుకుంటే ఇదా! ఒళ్ళు మండింది, ఆవిడ మీద కాదు. కాళ్ళు వాచేలా డ్యూటీ చేసి, బస్సు ఛార్జీకి బావని అడుగుతాను. అతను ఏనాడూ కాదనలేదు. ఇస్తాడు కాబట్టి అతను మంచివాడు, అడుగుతాను కాబట్టి నేను మంచిదాన్ని. అంత దూరం వెళ్ళాక కూడా నా కష్టం నా చేతికి రాదేమోనని భయం పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం పాఠానికి కూర్చుంటే, బావ అక్కడే వల బాగుచేసుకుంటున్నాడు. అత్త ఎండుచేపలు ఏరుతోంది. ఈసారి టీచరమ్మ నాతో పాటు బ్యాంకుకొచ్చిన స్నేహితురాలు. మీ ఆయన పేరు కూడా పెట్టిద్దామా అని జర్మన్‌లో అడిగింది.

"నే, లస్ మాల్. నూర్ ఇష్," అన్నాను. అనుకున్నదానికన్నా గొంతు పెద్దగా వచ్చింది.

పాఠం ముగించి ఫోను పెట్టేయగానే బావ తలెత్తాడు. "ఏటే, అంత గట్టిగా ఏటన్నావు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ భాష ఇంట్లో ఎవరికీ రాదు.

"బ్యాంకు ఖాతాలో నీ పేరొద్దు, నా పేరొక్కటే సాలన్నాను బావా."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మొహం వాడిపోయింది. "నీ డబ్బులు నేను తినేస్తన్నానేటి?"

"తిన్నావన్లేదు. నా కార్డు నాకియ్యి."

పర్సులోంచి తీసి చేతిలో పెట్టాడు. అతను నొచ్చుకున్నాడని తెలుస్తూనే ఉంది, నాకూ కష్టంగానే ఉంది.

"పిన్ను తెలుసేటి నీకు?" అన్నాడు.

తెలియదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ సంపాదిస్తున్నాను, ఆ నాలుగంకెలు నాకు తెలియవు. తల కొట్టేసినట్టయింది.

"నీకెందుకే ఈ తిప్పలు? ఎంత కావాలో సెప్పు, రేపు తీసి తెస్తాను."

"అంకెలు సెప్పు బావా."

అతను వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ చేపలు ఏరుతూనే ఉంది. అతను చెప్పేదాకా కార్డు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.