మస్కి గుట్ట మీద ఉలి ఎగిరిన చోటు

మా చిన్నప్పుడు... మా బచ్చలింట్లో స్నానానికి కూర్చునే బండ మీద ఎవరో పెద్దమనిషి పేరు సగం ఉండేది. సబ్బు నురుగు పారిపోగానే కన్నడ అక్షరాలు తేలేవి. నన్ను బళ్లో వేయకముందే వాటి మీద వేలు పెట్టి దిద్దేదాన్ని... అమ్మ వీపు రుద్దుతూ కదలొద్దని ఒకటి వేసేది.

మాది రాళ్లు కొట్టే ఇల్లు. మస్కికి ఓ గంట నడక దూరంలో చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, సంతలో ఉర్దూ. నాయన రోళ్లు, తిరగళ్లు చేసేవాడు. అరిగిన తిరగలికి గంట్లు పెట్టించుకోవాలంటే చుట్టుపక్కల వాళ్లంతా మా వాకిట్లోకే వచ్చేవాళ్లు.

ఆ సగం పేరు కథ చెప్పాలి కదా... నేను పుట్టకముందు గుడికి మెట్లు కట్టించిన పెద్దమనిషి పేరు బండ మీద చెక్కమని నాయనకు పని అప్పగించారట. నాయనకు చదువు రాదు. పూజారి బండ మీదే సుద్దముక్కతో రాసిచ్చాడు. రాయి కొట్టేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం మావాళ్లకు చేతికి పట్టిన అలవాటు. నాయన అలవాటుగా చెంబుతో నీళ్లు చల్లాడు... సగం పేరు కొట్టేసరికి మిగతా సగం నీళ్లలో కారిపోయింది! గుర్తున్నంత వరకు కొట్టబోతే అవి ఏ అక్షరాలూ కాలేదు. పదిమందిలో నవ్వులపాలై, ఆ బండను ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పటినుంచి అక్షరాల జోలి మనకొద్దు అనేవాడు. ఆ మాటే నా మెడకు చుట్టుకుంది...

మా ఊరి బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి మస్కికి నడిచి పోవాలి. ఏడు అయిపోవచ్చింది, ఇక చాలు, రేపటినుంచి అమ్మతో కలిసి రాతి చెక్కలు ఎత్తు అన్నాడు నాయన. నేను ఏడ్చాను. రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆయన పలుగు భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాడు. మొండితనంలో నేను ఆయన పోలికే... వదల్లేదు.

ఆ వారమే చరిత్ర సార్ మమ్మల్ని మస్కి గుట్టకు నడిపించుకుపోయారు. అక్కడి బండ మీద అశోకుడు చెక్కించిన శాసనం ఉంది. ఎక్కడో పాటలీపుత్రంలో కూర్చున్న రాజు, మా గుట్ట దాకా తన మాట పంపించాడంటే నమ్మబుద్ధి కాలేదు. చాలాచోట్ల దేవతలకు ఇష్టుడైన రాజు అని మాత్రమే ఉంటుందట, ఇక్కడ మాత్రం అశోకుడు అని పేరుతో సహా ఉంది. అందులో ఏముందని అడిగితే సార్ విడమరిచి చెప్పారు. మంచి దారి గొప్పవాళ్లకే అందుతుంది అనుకోవద్దు, పట్టుబట్టి నడిస్తే చిన్నవాళ్లకూ అందుతుంది, ఈ సంగతి చిన్నా పెద్దా అందరికీ చెప్పండి అని ఉందట.

ఇది మా నాయనకు చెప్పాల్సిందే అనుకున్నాను.

కానీ బడి పేరు ఎత్తితే నాయన రాడు. అందుకని గుట్ట మీద పాత రాతిపని ఒకటుంది, నీకంటే బాగా కొట్టారు అన్నాను. అంతే! ఆదివారం పొద్దున్నే తలగుడ్డ చుట్టుకుని బయలుదేరాడు.

రాజు మాటలు సార్ చెప్పినట్టే అప్పజెప్పాను. నాయన విన్నట్టే లేదు. బండ చుట్టూ వేసిన ఇనుప కటకటాల దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో గీతనూ చూస్తున్నాడు. ఉలి సన్నదన్నాడు. కొట్టినవాడు ఎటువైపు కూర్చున్నాడో చెప్పాడు. ఎండ నెత్తిమీదికి వచ్చింది... నాకు కాళ్లు లాగుతున్నాయి. అయినా లేపలేదు.

ఒకచోట ఆగిపోయాడు. చాలాసేపు అక్కడే చూసి నన్ను దగ్గరికి పిలిచాడు.

"గీడ సూడు బిడ్డా. ఉలి ఎగిరింది, పెచ్చు లేసింది. రాజు పనిల గూడ చెయ్యి తప్పింది."

నేను వంగి చూశాను. ఆయన మళ్లీ అన్నాడు.

"గింత తప్పువోయినా ఆగలే వాడు. పక్కకెల్లి మల్ల కొట్టుకుంట పోయిండు."

గుట్ట దిగాం. బడి మాట నేను ఎత్తలేదు, ఎత్తితే ఏమంటాడోనని భయం. ఊరి పొలిమేర దగ్గరికి వచ్చాక, ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరగకుండానే అడిగాడు...

"పెద్ద బడి ఎప్పుడు తెరుస్తరు?"

దారి మధ్యలో నిలబడి ఏడ్చేశాను. ఆకలి, ఎండ, సంతోషం అన్నీ కలిసిపోయాయి. ఆయన ఆగలేదు, నడువు నడువు అంటూ వెళ్తూనే ఉన్నాడు.

ఆ నాయన ఇప్పుడు లేడు. రోళ్లు, తిరగళ్లు మిక్సీలకు దారి వదిలాయి. పేర్లు మిషన్లు చెక్కుతున్నాయి, వాటికి చెయ్యి తప్పడం తెలియదు. మా ఊరినుంచి మస్కికి బస్సు ఉంది. నేను మస్కి తాలూకాలోనే చరిత్ర చెప్పే టీచరును. బస్సు వచ్చినా, పుస్తకాలు వచ్చినా, పత్తి ఏరడానికని ఆడపిల్లల్ని బడి మాన్పించడం మాత్రం పోలేదు... ఈ ఏడు నా తరగతిలో ముగ్గురి పేర్ల మీద ఆ మాట నడుస్తోంది.

ముగ్గురినీ వదలను. వాళ్ల నాన్నలను గుట్ట దగ్గరికి రమ్మని కబురు పెట్టాను. ఇద్దరు వస్తామన్నారు. మూడో ఆయన తీరిక లేదన్నాడు, రేపు ఆయన చేను దగ్గరికే పోతున్నాను.

మీ చదువు ఆగిపోబోయి ఆగకుండా నిలిచిన రోజు ఉంటే ఇక్కడ రాయండి. ఎవరు మనసు మార్చుకున్నారో, ఏం చూసి మార్చుకున్నారో కూడా రాయండి... రేపు చేను గట్టు మీద కూర్చుని ఆ మూడో ఆయనకు చదివి వినిపించాలి.