మా టీచరుగారి మాటల పుస్తకం

నా చిన్నప్పుడు, బందరులో మూడో తరగతి చదివిన ఏడాది, మా టీచరుగారి దగ్గర ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. హాజరు పట్టీ వేరు, ఇది వేరు. ఇందులో ఒక్కో పిల్లకు రెండేసి పేజీలు. ప్రతి శనివారం ఆవిడ మమ్మల్ని ఒక్కొక్కరినే బల్ల దగ్గరకు పిలిచి, బడికి వస్తూ దారిలో ఏం చూశామో చెప్పమనేవారు. మేము చెబుతుంటే మధ్యలో ఆపేవారు కాదు, తప్పులు దిద్దేవారు కాదు. మేమన్న మాటలను అన్నవి అన్నట్టే రాసుకునేవారు. ఎవరు ఒక్క మాటతో ఆపేశారో, ఎవరు రెండు మూడు వాక్యాలు కలిపి చెప్పారో, ఎవరు ‘ఎందుకంటే’ అని కారణం కూడా చెప్పగలిగారో, అంతా అందులోకి ఎక్కేది.

నా పేజీలు అందరికంటే ముందే నిండిపోయాయి. మా నాన్నగారు కోర్టులో గుమాస్తా. ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ మాటలన్నీ పట్టేశాను. బల్ల దగ్గర నిలబడితే ఆపకుండా చెప్పేదాన్ని. ఆ పుస్తకంలో నేనే ఫస్టు అని నాకు గట్టి నమ్మకం. లోపల ఏం రాశారో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మా తరగతిలో సముద్రం వైపు పల్లెపాలెం నుంచి వచ్చే పిల్ల ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న చేపల పడవ మీద వెళ్ళేవాడు. బడిలో చేరిన కొత్తలో ఆ పిల్ల నోరు విప్పేది కాదు. ఏం అడిగినా తల ఊపేది, లేకపోతే పావడా అంచు నలుపుతూ నిలబడేది. తన మాట మా మాటలా ఉండదని తనకూ తెలుసు, మాకూ తెలుసు. ఎప్పుడైనా ఒక మాట అంటే వెనక బెంచీలో ఎవరో ఒకరు దాన్నే సాగదీసి అనేవారు.

వర్షాలు పట్టిన రోజుల్లో ఒక శనివారం, టీచరుగారిని హెడ్మాస్టరుగారు పిలిపించారు. “నేను వచ్చేదాకా పిల్లల్ని చూస్తూ ఉండవే అమ్మాయ్” అని తరగతి నాకు అప్పగించి వెళ్ళారు. ఆవిడ అటు వెళ్ళగానే నేను వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. బల్ల మీద చెయ్యి ఆనించి, ఆవిడలాగే ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టాను. అందరూ నవ్వుతూ వచ్చి ఏదో ఒకటి చెప్పి వెళ్తున్నారు.

ఆ పిల్లను నేను పిలవలేదు. తనే లేచి వచ్చింది. ఎన్నడూ లేనిది, నా ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పింది.

“మా నాన ఏటకెల్లాడు. ఇంకా రాలేదు.”

సముద్రం మీద చేపలకు వెళ్ళడాన్ని వాళ్ళు వేట అంటారని నాకు తెలియకపోలేదు. అయినా అందరూ నా వైపే చూస్తున్నారు కదా!

“ఏటకా? ఏం ఏటాడతాడే మీ నాన, పులులనా, సింహాలనా?” అన్నాను.

తరగతి గొల్లుమంది. ఒకడు బెంచీ ఎక్కి బాణం వేసినట్టు నటించాడు. ఆ పిల్ల ఏడవలేదు. తన చోటికి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది. బడి వదలగానే అందరికంటే ముందు వెళ్ళిపోయింది.

టీచరుగారు తిరిగి వచ్చేసరికి బడి వదిలేశారు. నేను పుస్తకాలు సర్దుకుంటుంటే, “ఎవరెవరు ఏమన్నారో చెప్పు, రాసుకుంటాను” అన్నారు. నేను హుషారుగా అప్పజెప్పాను. ఆ పిల్ల వంతు వచ్చాక నా వేళాకోళం మింగేసి, తనన్న రెండు ముక్కలే చెప్పాను. ఆవిడ ముఖం వెలిగింది.

“తనంతట తనే లేచి చెప్పిందా?”

“అవునండి.”

రాస్తూ రాస్తూ ఆవిడ కలం ఆపేశారు. రాసిన వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నారు.

“రాలేదందా? ఎప్పుడు వెళ్ళాడట?”

“అడగలేదండి.”

“మరేం అడిగావు?”

నేను తల దించుకున్నాను. చివరకు నేనే చెప్పేశాను, పులుల సంగతీ, బాణం సంగతీ. కొడతారనుకున్నాను. కొట్టలేదు. పుస్తకాన్ని నా వైపు తిప్పి, ఆ పిల్ల పేజీ పైనుంచి చదవమన్నారు.

మొదటి వారాల్లో ‘తల ఊపింది’ అనే ఉంది. ఆ తర్వాత ఒకరోజు ‘అవునండి’. ఇంకో నెలకు ‘పిల్లి ఈనిందండి’. దాని పక్కన చిన్న అక్షరాలతో, ‘రెండు మాటలు కలిపింది’. అలా ఒక్కో మాటే దిగుతూ వచ్చి, చిట్టచివర ఆరని సిరాతో ఇవాళ్టి వాక్యాలు ఉన్నాయి. ఆ పేజీ అక్కడిదాకా రావడానికి అయిదు నెలలు పట్టింది. నేను చదవడం ఆపాక ఆవిడ నా పేజీ తీశారు. అన్నీ పొగడ్తలే. అడుగున మాత్రం, అప్పటికి చాలా వారాల కిందటే రాసిన మాట ఒకటుంది. ‘చెప్పడం వచ్చు. వినడం ఇంకా రాలేదు.’

ఆవిడ నన్ను రిక్షాలో ఎక్కించుకుని, దారిలో మా ఇంట్లో ఒక మాట చెప్పి, నేరుగా పల్లెపాలెం వెళ్ళారు. ముసురు పట్టి ఉంది. ఒడ్డున ఆడవాళ్ళు గుంపుగా నిలబడి నీళ్ళ వైపు చూస్తున్నారు. రెండు పడవలు మూడు రోజులుగా రాలేదట. ఆ పిల్ల వాళ్ళమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. మూడు రోజులూ ఆ భయంతోనే బడికి వచ్చింది. ఆ భయాన్ని ఎవరికైనా చెప్పుకోవాలని నా దగ్గరకు వచ్చింది.

టీచరుగారు ఓదార్పు మాటలేమీ అనలేదు. చీర తడుస్తున్నా ఇసుకలో కూలబడి, ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, “నాన్న ఏ వైపు వెళ్ళాడే?” అని మాత్రం అడిగారు. ఆ పిల్ల చాలాసేపటికి చెయ్యి చాచి చూపించింది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. గాలి ఎటు తిరిగిందో, ఏ పడవలో ఎంతమంది ఉన్నారో, వెళ్ళేముందు వాళ్ళ నాన్న తనతో ఏమన్నాడో. “సద్దన్నం మూట మర్సిపోతే నేనే పరిగెత్తికెల్లి ఇచ్చానండి, ఎందుకంటే మా నాన ఆకలికి ఆగలేడండి” అంది. ఆవిడ దగ్గర అప్పుడు పుస్తకం లేదు, కలం లేదు. ఒళ్ళో ఖాళీ చేతులతో కూర్చుని విన్నారు. నేను నాలుగడుగుల దూరంలో తడుస్తూ నిలబడ్డాను. నన్ను ఎవరూ రమ్మనలేదు.

మర్నాడు కబురొచ్చింది. పడవలు గాలికి కొట్టుకుపోయి దివిసీమ వైపు, నాగాయలంక దిగువన ఒడ్డు చేరాయట. మనుషులంతా క్షేమం. మా అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. నాకు మాత్రం నిద్రలో కూడా ఆ నవ్వులు వినిపించేవి. అందరి నవ్వుల్లోనూ నాదే పెద్దది.

క్షమించమని అడగడానికి రెండుసార్లు వెళ్ళాను. ఆ పిల్ల తల ఊపింది, అంతే. టీచరుగారితో మాట్లాడేది, క్రమంగా తరగతిలోనూ మాట్లాడింది. అయిదో తరగతి తర్వాత బడి మానేసి వాళ్ళవాళ్ళతో దివిసీమ వెళ్ళిపోయేదాకా నాతో మాత్రం ఒక్క మాటా అనలేదు. దాన్ని నేను తప్పు పట్టను.

పెద్దయ్యాక నేనూ టీచరునే అయ్యాను. గుడివాడ చుట్టుపక్కల బళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఇప్పుడు మా కోడలు ముదినేపల్లిలో టీచరు. పిల్లల మాట ఎంత పెరిగిందో ఈ రోజుల్లో టీచర్లు ఫోనులో గుర్తులు పెడుతున్నారు. “ఈ పిల్ల అసలు మాట్లాడదు అత్తయ్యా, ఏం పెట్టను?” అని మొన్న అడిగింది. “ఇవాళ ఏమీ పెట్టకు. రేపు కాసేపు దాని పక్కన కూర్చో” అన్నాను.

చిన్నపిల్లలు నాతో ఏదైనా చెప్పడానికి వస్తే నాకు ఇప్పటికీ కొంచెం భయంగానే ఉంటుంది. వాళ్ళ మాటలో తప్పు దొర్లితే నాలుక చివరిదాకా దిద్దుబాటు వస్తుంది. ఆపుకుని, చెప్పేదంతా చివరిదాకా వింటాను. అది అయ్యేసరికి, దిద్దుదామనుకున్న మాట ఏదో నాకు గుర్తుండదు.