గళ్ళ లుంగీ నక్షత్రం

డిసెంబరు పద్దెనిమిదిన, పొద్దున ఎనిమిదింటికి, ఒక మేక క్రిస్మస్ నక్షత్రాన్ని తిన్నది. మొత్తం తినలేదు. ఎర్ర కాగితమంతా తిని వెదురు పుల్లలు వదిలిపెట్టింది. మేకకు ఏమీ కాలేదు. ఆ మేక మాదే.

నక్షత్రం ఎదురింటి కృపారాణక్కది. చర్చి ఆడవాళ్లు తెచ్చిచ్చి నాలుగు రోజులైంది. ఆమె దాన్ని కట్టనూ లేదు, లోపల పెట్టనూ లేదు. వాళ్లు వాకిట్లో మంచం మీద పెట్టిన చోటనే ఉంది. మేక నములుతున్నంతసేపూ గడపలో కూర్చుని చూసిందే కానీ, 'హేయ్' అని కూడా అనలేదు.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల పక్కన మా వీధి. ఆమె మొగుడు పౌలు బావ ముప్పై ఏళ్లు పలకలు సానబట్టినాడు. రాతి పొడి ఛాతీలో చేరి, దగ్గి దగ్గి, మొన్న ఆగస్టులో పోయినాడు. ఏటా వీధిలో మొదట లేచే నక్షత్రం ఆయనదే. పాటలు పాడుతూ వచ్చే చర్చివాళ్లు నక్షత్రం ఉన్న ఇంటి ముందే ఆగుతారు. లేదంటే ఆ ఇంట్లో దుఃఖం ఉందని గొంతు తగ్గించి దాటిపోతారు. వాళ్లు వచ్చేది ఇరవై మూడున.

"కొత్తది తెచ్చిస్తా అక్కా," అన్నాను, మేక చెవి పట్టుకుని.

"వద్దులే నాగేంద్రా. దాటిపోతే పోనీ."

తిట్టి ఉంటే బాగుండేది. ఆగస్టు నుంచి ఆమెకు అన్నిటికీ ఒకటే గొంతు. వాన పడిందన్నా, పాలు పొంగిపోయినాయన్నా, "అట్లనా" అనేది.

ఆమె పని పలకలకు చెక్క ఫ్రేములు బిగించడం. విరిగిన బద్దలు పొయ్యిలోకని సంచిలో తెచ్చుకుంటుంది. ఇరవై రెండో తేదీ సాయంత్రం మేకను వెతుక్కుంటూ పోతే, పొయ్యి ముందు కూర్చుని బద్దకు బద్ద ఆనించి మేకు కొడుతోంది.

"ఏందక్కా అది?"

"ఏమో. చెయ్యి ఊరుకోలేదు."

ఐదు బద్దలకు ఐదు కొమ్ములు వచ్చినాయి. కప్పడానికి కాగితం లేదు. లేచి ట్రంకుపెట్టెలోంచి బావ నీలం గళ్ళ లుంగీ తీసింది. ఆసుపత్రికి పోయిన రోజు ఆయన విడిచింది. ఇంకా ఉతకలేదు. కాసేపు ముఖానికి ఆనించుకుంది. కత్తెర పట్టుకుని చాలాసేపు అట్లనే ఉండిపోయింది. నేను చేతిలోని మేక తాడు కేసి చూస్తూ నిలబడ్డాను. తర్వాత కోసింది. ఏడ్చిందా అంటే, లేదు.

"చూస్తా నిలబడితే ఎట్ల? ఆ కొస లాగి పట్టుకో," అంది. ఆ గొంతులో విసుగు! నాలుగు నెలల్లో మొదటిసారి. నాకు ప్రాణం లేచి వచ్చింది.

బల్బు పెట్టి, గడకు కట్టి, ఇంటి మీద నిలబెట్టాం. గళ్ళు గళ్ళుగా వెలిగింది. బావ బీడీలకు పడిన బొక్కలు మూడున్నాయి. వాటిలోంచి మాత్రం వెలుగు సూదుల్లా బయటికి వచ్చింది.

మరునాడు పాటలవాళ్లు ఆగినారు. పాడినారు. ఆమె గడపలో నిలబడి విన్నది. అందరికీ టీ పోసింది. చక్కెర వేయడం మరిచిపోయింది. ఎవరూ చెప్పలేదు.

ఇరవై నాలుగు పొద్దున మా ఆవిడ శివపార్వతి కళ్లు నులుముకుంటూ వాకిట్లోంచి అరిచింది: "వదినా! అన్న లుంగీ బొక్కల్లోంచి లైటు సూటిగా మా కిటికీలోకే కొడతా ఉంది. రెండు రాత్రులాయె, కన్ను మూతపడితే ఒట్టు!"

కృపారాణక్క ఊడుస్తున్న చీపురు ఆపింది.

"పోయినేడు ఆయన దగ్గుకు నిద్ర పట్టలేదంటివి, ఈ ఏడు ఆయన లుంగీకా పార్వతీ?"