రెండో గేరు దగ్గర ఊపిరి

మా పిన్ని దగ్గర కారు నేర్చుకున్నవాళ్లని రోడ్డు మీద ఇట్టే పట్టేయొచ్చు. మొదటి గేరు నుంచి రెండో గేరుకి మారేటప్పుడు వాళ్ల బండి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. వెనకవాడు హారన్ కొడతాడు. లోపలున్నావిడ పట్టించుకోదు. గేరు కర్రని నడిమధ్య ఆపి, నిండుగా ఊపిరి తీసుకుని, అప్పుడు రెండోది వేస్తుంది. పిన్ని అలాగే నేర్పింది మరి. "న్యూట్రల్లో ఆగు. ఊపిరి తీసుకో. ఇప్పుడు వెయ్యి." అందుకే ఊరంతా ఆవిడని ఊపిరి టీచరమ్మ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

నేనూ ఆవిడ శిష్యురాలినే. కాలేజీ సెలవుల్లో పొద్దున్నే లేపి, గోదాముల వెనక ఖాళీ రోడ్డుకి తీసుకెళ్లేది. అప్పట్లో ఆ బండిది లేత నీలం రంగు. ఇప్పుడది ఏ రంగో చెప్పడం కష్టం. ఎక్కగానే చెప్పులు విప్పి వెనక సీటు కింద పెట్టాలి. "క్లచ్చు సంగతి పాదానికి తెలియాలి, చెప్పుకి కాదు" అనేది. రెక్సిన్ సీటు ఎండకి చురుక్కుమనేది. స్టీరింగు గట్టిగా పట్టుకుంటే, "దాని పీక అలా పిసుకుతావేం, అదేం చేసింది నిన్ను?" అని చేతి మీద ఒక్కటిచ్చేది. నీళ్ల ట్యాంకు పక్కన ఎత్తు రోడ్డు మీద బండి ఆగిపోతే మాత్రం ఒక్క మాట అనేది కాదు. డాష్‌బోర్డు అరలోంచి నిమ్మ బిళ్ల తీసి చేతిలో పెట్టేది. అది చప్పరించడం అయ్యేదాకా బండి కదపనిచ్చేది కాదు. వెనకవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తుంటే, "వీళ్లంతా స్టీరింగు పట్టుకునే పుట్టారా ఏం?" అనేది. ఇప్పటికీ ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే నాకు నోరూరుతుంది. ఎంత హాయిగా ఉండేవో ఆ పొద్దుటిపూటలు.

పిన్ని నేర్చుకున్నది కూడా ఆ బండి మీదే. బాబాయి కొత్తగా కొన్నప్పుడు తనే నేర్పుతానని మొదలుపెట్టాడు. రెండు పాఠాలయ్యేసరికి మొగుడూ పెళ్లాలకి మాటల్లేవు. ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఆయన అలా ఊరెళ్లగానే పిన్ని తాళంచెవి పట్టుకుని మా అమ్మ దగ్గరికొచ్చింది.

"అక్కా, పక్కన కూర్చో, చాలు. నువ్వేం చెయ్యక్కర్లేదు."

అమ్మ తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఒకరు నడపడం, ఇంకొకరు భయపడడం. అలా పని పంచుకుని అక్కచెల్లెళ్లిద్దరూ ఆ వేసవంతా ఊరు చుట్టేశారు. ఆ తర్వాత పక్కింటి నర్సమ్మ నేర్పమంది. ఆవిడని చూసి బ్యాంకులో గుమాస్తా, ఆవిడని చూసి ఇద్దరు పంతులమ్మలు. పిన్ని పక్క సీటు కింద తనకో బ్రేకు పెట్టించుకుంది. బండి నెత్తిన బోర్డు పెట్టింది. బాబాయి తిరిగొచ్చి, నా కారేదని అడిగితే, సాయంత్రం ఖాళీ అవుతుంది, అప్పుడు తీసుకోమంది.

ఊళ్లో సగం మంది ఆడవాళ్లు నేర్చుకున్నారు గానీ అమ్మ మాత్రం స్టీరింగు జోలికి పోలేదు. అమ్మ కర్టెన్లు, దిండు గలేబులు కుడుతుంది. కుట్టినవి మూటలు కట్టి ఇళ్లకి చేర్చాలి. "మీ బావ ఉన్నారుగా, నాకెందుకే" అనేది. నిజమే, నాన్న ఉన్నారు, నాన్న నడిపారు. పోయినేడు చూపు మందగించి ఆయన బండి మానేసేసరికి, అమ్మ మూటలన్నీ సోఫా ఎక్కి కూర్చున్నాయి. మేం వెళ్తే కూర్చోవడానికి చోటుండేది కాదు. నేనో, తమ్ముడో ఖాళీ చేసుకుని వచ్చేదాకా అవి కదిలేవి కాదు. మేం వచ్చేదాకా అమ్మ మా దారి చూస్తూ, ఏమనుకుంటామోనని ఫోన్ చేయకుండా నలిగిపోయేది. కొత్త హోటలు వాళ్లు గదులన్నిటికీ కర్టెన్లు చెప్పి, సమయానికి అందలేదని పని ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ సాయంత్రం అమ్మ పిన్ని ఇంటికెళ్లి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"నాకు నేర్పుతావా?"

పిన్ని ఆ మాట కోసం ఎన్నేళ్లుగా కాచుకుని ఉందో నాకు తెలుసు. ఆ రాత్రికి రాత్రే డాష్‌బోర్డు అర నిండా నిమ్మ బిళ్లలు పోసింది.

మూడు పాఠాలు బాగానే సాగాయి. నాలుగో దానికి నేను వెనక సీట్లో ఉన్నాను. నీళ్ల ట్యాంకు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే కింద ఎక్కడో సన్నగా ఏడుపులాంటి మోత మొదలైంది. తర్వాత ఫటుక్కున ఏదో విరిగింది. గేరు కర్ర బిగుసుకుపోయింది. పిన్ని కూడా పట్టి లాగింది, కదల్లేదు. అమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"నా చేతిలోనే పోయింది" అంది. దిగి, వెనక సీటు కింద నుంచి చెప్పులు తీసుకుని వేసుకుంది. "ఇన్నేళ్లు ఎంతమంది నడిపినా ఏం కాలేదు. నేను ముట్టుకున్నానో లేదో విరిగింది. ఇక నా వల్ల కాదే."

పిన్ని ఇచ్చిన నిమ్మ బిళ్ల తీసుకోకుండానే ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

బండిని తాడు కట్టి షెడ్డుకి లాగించాం. మెకానిక్ కిందకి దూరి నూనె దింపాడు. అందులో ఇనపపొడి తళతళలాడుతోంది. పైకొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"గేర్‌బాక్సు పోయిందమ్మా. ఇలాంటి బండే ఒకటి తుక్కు యార్డులో ఉంది, దానిది తెచ్చి బిగించొచ్చు. తొందరగా అయిపోతుంది, కానీ అది లోపల ఎలా ఉందో నేను పూచీ పడను. లేదంటే ఇది పంపి, బాగుచేసి అమ్మేవాళ్ల దగ్గర ఇంకోటి మార్చుకోవచ్చు. అదీ కాదంటే దీన్నే విప్పి, పోయినవన్నీ కొత్తవి వేస్తాను. దానికి ఆలస్యమవుతుంది. సామాను దొరకాలి."

తమ్ముడు ఫోన్లోనే నాలుగో దారి చెప్పాడు. "ఈ డొక్కుని అమ్మేసి గేర్లు లేని బండి కొనండి పిన్నీ. అమ్మకి కూడా తేలిక."

"గేర్లు లేని బండా? దానికన్నా సోఫాకి చక్రాలు పెట్టుకోండి" అని పిన్ని ఫోన్ పెట్టేసింది. కానీ వాడన్నదాంట్లో అబద్ధం లేదని ఆవిడకీ తెలుసు. బండి ఏదైనా సరే, అక్క మళ్లీ ఆ సీట్లో కూర్చోవాలి. అసలు సంగతి అది. కూర్చోకపోతే ఆ మూటలు సోఫా దిగవు.

దీన్నే విప్పమంది పిన్ని. లోపల చూశాకే ఏదైనా చెబుతానంది.

విప్పిన రోజు నన్ను తోడు తీసుకెళ్లింది. బల్ల మీద పాత గుడ్డ పరిచి, పళ్ల చక్రాలన్నీ వరసగా పెట్టాడు మెకానిక్. ఇన్నేళ్లు మా అందర్నీ మోసింది ఇవేనా అనిపించి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అతను ఒక ఇత్తడి రింగు తీసి చూపించాడు.

"ఇది రెండో గేరుదమ్మా. గేరు పడేటప్పుడు తిరిగే వేగాలు కలపడం దీని పని. ఇది ఎప్పుడో మొదట్లోనే దెబ్బతింది. కొత్తలో ఎవరో కరకరలాడించేశారు. దీని పొడి నూనెలో తిరిగి తిరిగి బేరింగుని తినేసింది. ఇలాంటి రింగుతో గేరు చటుక్కున పడదు, మధ్యలో కాసేపు ఆపి వెయ్యాలి. మీరంతా ఎలా నడిపారో ఏమో!"

అన్నాక అతనే ఆగిపోయాడు. అతని భార్యకి కారు నేర్పింది పిన్నే. ఆవిడ ఎలా నడుపుతుందో రోజూ చూస్తూనే ఉన్నాడు. నవ్వబోయి, పిన్ని మొహం చూసి నోరు మూసుకున్నాడు.

పిన్ని ఆ రింగుని అతని చేతిలోంచి తీసుకుని వేలితో తడిమింది. తర్వాత ఎవరూ అడగని మాట అడిగింది.

"మిగతావన్నీ కొత్తవి వేసి, ఈ రింగు ఒక్కటీ ఇలాగే ఉంచితే?"

"అదేంటమ్మా! పాడైనది మళ్లీ ఎలా బిగిస్తాను? కొత్త బేరింగుని కూడా తినేస్తుంది."

"అది లేకపోతే నేను నేర్పేది ఏముందయ్యా ఇంక?" అంది పిన్ని. ఏ రోజూ ఎవరి ముందూ తల వంచని మనిషి, గ్రీజు మరకల బల్ల ముందు అలా నిలబడితే నేను చూడలేకపోయాను. ఊరందరికీ నేర్పిన విద్య తన చేతి తప్పుకి వేసుకున్న అతుకని ఆవిడకి అప్పుడే అర్థమైంది. ఆ కొత్తలో, ఆ వేసవిలో, ఆ బండిని కరకరలాడించింది ఇంకెవరు?

రింగుని గుడ్డలో చుట్టి తెమ్మంది. అక్కణ్నుంచి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లాం. అమ్మ కుట్టు మిషను ముందు ఉంది. చెప్పొద్దని నేను దారిలోనే గొణిగాను. మూసి ఉన్న గేర్‌బాక్సు లోపల ఏముందో అమ్మకేం తెలుస్తుంది? బేరింగు పాతబడి పోయిందంటే సరిపోయేది. పిన్ని నా మాట వినలేదు. గుడ్డ విప్పి రింగుని మిషను బల్ల మీద, అమ్మ కత్తెర పక్కన పెట్టింది.

"విరిగింది నీ వల్ల కాదక్కా. నా వల్ల. నేను నేర్చుకునేటప్పుడు పాడుచేశాను దీన్ని. అప్పట్నుంచీ లోపల అరుగుతూనే ఉంది. నీ చేతిలో ఉండగా పోయింది, అంతే. అందరికీ ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో అని నేర్పాను చూడు, అది విద్యా కాదు పాడూ కాదు. నేను చెడగొట్టిన గేరు పడక చేసిన పని."

అమ్మ మిషను ఆపింది. రింగు తీసుకుని, అద్దాలు పైకి జరిపి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"ఆ వేసవిలో పక్కన కూర్చున్నది ఎవరనుకున్నావ్? గేరు వేసినప్పుడల్లా ఎముకలు నమిలినట్టు చప్పుడొచ్చేది. నాకు గుండెలు జారిపోయేవి. నువ్వేమో చెమటలు కారుస్తూ, గబగబా గుంజేసేదానివి. ఒకరోజు రోడ్డు మధ్యలో ఏడుపు మొదలెట్టావు, నాకు రాదక్కా, ఆయన అన్నదే నిజం అని. అప్పుడు నేనేమన్నాను?"

పిన్ని మిషను పక్కన స్టూలు మీద కూలబడింది.

"ముందు ఆ కర్ర వదిలి ఊపిరి తీసుకోవే అన్నాను. తీసుకున్నాక వేశావు, చప్పుడు లేకుండా పడింది. ఆ పడటం రింగు వల్లో, దేని వల్లో నాకు తెలీదు. ఆ తర్వాత నువ్వు ఏడవలేదు, అది తెలుసు."

పక్క గదిలో నాన్న రేడియో స్టేషను మారుస్తున్నారు. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుని, చేతికంటిన గ్రీజు బుగ్గకి పూసుకుంది. అమ్మ అది చూసి నవ్వింది. నిమ్మ బిళ్ల వద్దని నడిచి వెళ్లిపోయిన రోజు నుంచి అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

"తుక్కుది వద్దు" అంది అమ్మ రింగు తిరిగిస్తూ. "దాన్ని ఎవరెలా నడిపారో మనకేం తెలుసు. దీని మంచీ చెడూ మనిద్దరికీ తెలుసు. దీన్నే బాగుచేయించు. రింగు మాత్రం కొత్తది వేయించు, పిచ్చి వేషాలెయ్యకు."

సామాను వచ్చేసరికి వర్షాలు మొదలయ్యాయి. మెకానిక్ బండి తెచ్చి అమ్మావాళ్ల ఇంటి ముందు పెట్టి, "వెన్నలా పడుతోందమ్మా రెండోది" అని తాళంచెవి పిన్నికిచ్చాడు. పిన్ని దాన్ని అమ్మకిచ్చింది. నేను వెనక సీట్లో మూటల మధ్య ఇరుక్కున్నాను. ముగ్గురం చెప్పులు విప్పాం.

అమ్మ మొదటి గేరులో బండిని మెల్లగా వీధి దాటించి, నీళ్ల ట్యాంకు వైపు తిప్పింది. పక్క సీట్లో పిన్ని, నేర్పడం మొదలుపెట్టాక తొలిసారి, ఏం చెప్పాలో తెలియక కూర్చుంది. రెండు చేతులా తలుపు పిడి పట్టుకుంది. అమ్మ క్లచ్చు తొక్కింది, గేరు కర్రని నడిమధ్యకి తెచ్చి, ఆగింది. వెనకెవరో హారన్ కొట్టారు.

"ఇప్పుడు ఆగక్కర్లేదక్కా" అంది పిన్ని నెమ్మదిగా. "కొత్త రింగు. దానంతటదే పడుతుంది."

"తెలుసు. నీ కోసం ఆగాను" అంది అమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఊపిరి తీసుకో."