సూరమ్మ గోడ దగ్గర నేను చెప్పిన కథ

"ఓలప్పా, మా అమ్మ గోడ మీద సెయ్యేసి ఇంకొక్క మాటన్నావంటే నీ సేతిలో గొడుగు ఇరిసీసి సముద్రంలో ఇసిరేత్తాను."

"ఏటే ఎర్రమ్మా, పొద్దున్నే నీ గోల? నాను కొత్తగా కల్పించి సెప్తన్నానేటి? ఊరందరికీ తెలిసిందే సెప్తన్నాను."

"ఊరికి తెలిసింది ఊళ్ళోనే ఉండనీ. పైనించొచ్చినోళ్ళకి టికెట్టెట్టి సూపిత్తావా మా అమ్మని?"

"నా పని నన్ను సేసుకోనీ. ముందు అడ్డు తప్పుకో. వీళ్ళు ఎండెక్కకముందే బస్సెక్కాల."

"అడ్డు తప్పుకోమనడం మీ ఇంటోళ్ళకి కొత్తేటి? మీ అయ్యా అదే అన్నాడు మా అమ్మతోటి."

ఇది జరిగి రెండేళ్ళు. చలికాలం, ఆదివారం, పొద్దున్న ఎనిమిది గంటలు. భీమిలి పక్కన మా జాలరి ఊరు, పాత వీధి చివర. నా వెనక పద్నాలుగు మంది విశాఖపట్నం వాళ్ళు టోపీలు పెట్టుకుని, సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడి వింటున్నారు. వాళ్ళకు ఊరు చూపించడం నా ఉద్యోగం.

నా పని గురించి కొంచెం చెప్పాలి. నలభై ఏళ్ళు ఎండుచేపల గంప మోశాను. మోకాళ్ళు పోయాక ఇంట్లో కూర్చుని తినడం ఇష్టం లేకపోయింది. రుషికొండలో కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే స్వప్న అనే అమ్మాయి సెలవు రోజుల్లో వాక్ పెడుతుంది. వాక్ అంటే గుంపుగా నడుస్తూ పాత ఊరి చరిత్ర వినడం. మధ్యలో ఆగి కబురు చెప్పే చోటును స్టాప్ అంటారు. మాకు ఆరు స్టాపులు. దీపస్తంభం దగ్గర మొదలుపెట్టి, తెల్లదొరల సమాధులు, ఉప్పు కొఠారు, వెనకటి రోజుల్లో బెరడు ఉడికించి నూలు వలలకు రంగు పట్టించిన బానలు, ఇలా చూసుకుంటూ మా వీధిలో ముగిస్తాం. చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుంటే దాన్ని స్క్రిప్ట్ అంటారట. నేను చదివింది మూడో తరగతి. నా స్క్రిప్ట్ నా నోట్లోనే ఉంది. ఆరున్నరకు రమ్మంటే ఆరున్నరకే బయల్దేరతాను, ఆలస్యమైన వాళ్ళు పరిగెత్తి కలవాల్సిందే. సగం తాగి పారేసిన నీళ్ళ సీసాలు నేనే ఏరి, మిగిలిన నీళ్ళు తులసిమొక్కకు పోసి, సీసాలు పాతసామాన్ల వాడికి వేస్తాను. ఈ పనిలో నాకు వంక పెట్టడానికి ఎవరికీ చోటివ్వలేదని అనుకునేదాన్ని.

మొదట్లో ఆఖరి స్టాప్ రంగు బానలే. అక్కడికొచ్చేసరికి జనం ఆవలించేవారు. ఒకరోజు వాన పడితే అందరినీ వీధి చివర కప్పు సగం కూలిపోయిన మట్టింటి చూరు కిందికి తోలాను. అది సూరమ్మ ఇల్లు. సూరమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ గోడను ఆనుకునే రేకుల ఇంట్లో ఆమె కూతురు ఎర్రమ్మ ఉంటుంది. "ఈ ఇల్లెవరిదండీ మామ్మగారూ?" అని ఎవరో అడిగారు. ఊళ్ళో అనుకునేదే చెప్పాను. పడవ దింపే వేళకు సూరమ్మ ఎదురొచ్చిందని, ఆ పడవ తిరగబడి ఇద్దరు పోయారని, అందులో ఒకడు ఆమె మొగుడేనని. వాళ్ళ మొహాలు మారిపోయాయి. ఒకావిడ చేతి మీద రోమాలు లేచాయని చూపించింది.

"మామ్మా, ఇదే మన లాస్ట్ స్టాప్" అంది స్వప్న.

ఆ మాటకు నేను పొంగిపోయాను, దాచడం ఎందుకు. వారం వారం కథకు ఏదో ఒకటి తగిలించాను. ఒక వారం సూరమ్మ జుట్టు విరబోసుకుంది. తర్వాత ఆమె చంకలోకి ఖాళీ బిందె వచ్చింది. "తీరా చూస్తే బిందెలో చుక్క నీరు లేదు" అని గొంతు తగ్గించి చెబితే గుంపంతా ఊపిరి బిగబట్టేది. ఎవరో వీడియో తీసి పెట్టారు. మా ఊరి కుర్రాళ్ళ ఫోన్లలోకి కూడా వచ్చింది. పడవల మీద వెళ్ళేది వాళ్ళే.

ఆ ఆదివారం ఎర్రమ్మ నా దారికి అడ్డంగా నిలబడింది అందుకే.

"నీ వీడియో సూసిన కాడ్నించి పడవలోళ్ళు నన్ను ఒడ్డుకి రానివ్వట్నేదు. 'సూరమ్మ కూతురివి గదా, పడవ నీట్లోకి దిగీదాకా అటెల్లి నిలబడు' అంతన్నారు. నాను ఒడ్డుకొచ్చీసరికి ఏలంపాటైపోతంది. మిగిలిపోయిన సేపలు పట్టుకుని తగరపువలస ఎల్లేసరికి బజారు సర్దేత్తన్నారు. నా కూడు ఇసకలో పోత్తన్నావప్పా నువ్వు."

"నాను నిన్నేటన్నానే? మీ అమ్మ గురించి..."

"మా అమ్మ గురించే అడుగుతన్నాను. నువ్వప్పుడు ఒడ్డునే ఉన్నావంట. అమ్మ పోయేముందు సెప్పింది. పోలమ్మొక్కర్తే సూసిందే, అదొక్కర్తే అని. ఏటి సూసావు? ఈళ్ళ ముందు సెప్పు."

పద్నాలుగు మందీ నా వంక చూశారు. నేను వాచీ చూసుకున్నాను. "టైమైపోయింది, పదండి" అన్నాను.

అప్పుడు వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇదంతా వాక్‌లో భాగమే అనుకున్నారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకామె ఎర్రమ్మ దగ్గరికెళ్ళి, "ఎంత నేచురల్‌గా చేశారండీ!" అంది. ఎర్రమ్మ ఆమెను పైనించి కిందికి చూసి, నా వంకైనా చూడకుండా లోపలికెళ్ళి రేకు తలుపు వేసుకుంది. అది నాటకం కాదమ్మా అని నేను ఆ గుంపుతో చెప్పలేదు. వరసగా బస్సు దాకా తీసుకెళ్ళి ఎక్కించాను. మధ్యాహ్నం స్వప్న ఫోన్ చేసింది. వాక్‌కు వచ్చిన వాళ్ళు ఎలా ఉందో రాసే రివ్యూల్లో అందరూ ఆ తగువునే మెచ్చుకున్నారట. "ఆవిణ్ణి ప్రతి వారం రమ్మందామా మామ్మా?" అని అడిగింది. అన్నం ముందు కూర్చుని ఉన్నాను. తినకుండానే లేచాను. పారెయ్యలేక నీళ్ళు పోసి మూత పెట్టాను.

నేను చూసింది ఇది. అప్పటికి నాకు ఏడేళ్ళు. మా నాన్న చద్ది కుండ ఒళ్ళో పెట్టుకుని తాళ్ళ కుప్ప మీద కూర్చున్నాను. పడవకు పెద్ద మా నాన్నే. గాలి తూర్పుకు తిరిగింది, మిగతా పడవలవాళ్ళు అప్పటికే ఇళ్ళకు మళ్ళారు. సూరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి పడవ అంచు రెండో చేత్తో పట్టుకుంది. "గాలి బాగోనేదు, ఇయాల ఒద్దు మావా" అని మొగుణ్ణి బతిమాలింది. అతను ఆగబోయాడు. మా నాన్న ఆమె చెయ్యి విదిలించి, "అడ్డు తప్పుకోయే" అన్నాడు. ఆమె రెండో చేత్తో ఎందుకు పట్టుకుందంటే మొదటి చేతిలో ఏడాది పిల్ల ఉంది. ఆమె చంకలో ఉన్నది బిందె కాదు, ఎర్రమ్మ.

ఒడ్డు దగ్గరి పెద్ద కెరటాల్లోనే పడవ తిరగబడింది. ముగ్గురిలో మా నాన్నొక్కడే ఈదుకొచ్చాడు. కులపెద్దల ముందు నిలబడి, అది ఎదురొచ్చింది, అందుకే ఇలాగైంది అన్నాడు. ఇంటికొచ్చాక మా అమ్మ నా గడ్డం పట్టుకుని, "నువ్వేటీ సూడనేదు" అంది. నేను సరేనన్నాను. సూరమ్మకు మా ఊరి ఏ పడవా చేపలు అమ్మలేదు. ఆమె బతికినన్నాళ్ళూ పరాయి ఊళ్ళకు నడిచి ఎండుచేపలు కొనుక్కొచ్చి అమ్మింది. దారిలో ఎదురుపడితే నేను గంప సర్దుకుంటున్నట్టు తల వంచుకునేదాన్ని.

చిన్నప్పటి మాటకు చిన్నతనం అడ్డం పెట్టుకోవచ్చు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, టోపీల వాళ్ళు నోరు తెరుచుకుని వింటున్నారని, ఆ చంకలో బిందె పెట్టింది మాత్రం నేనే. మా నాన్న చెప్పిన అబద్ధం ఒకటి. నేను వారానికొకటి చెప్పాను. ఈ పని నాకు నేర్పింది ఇంతే: పాత ఊరనుకుని నడిచే చోట జనం ఇంకా కాపురం చేస్తున్నారు. ఇప్పుడు ఏ ఇంటి ముందైనా ఆగాలంటే ఆ ఇంటివాళ్ళు పక్కన నిలబడి వింటేనే చెబుతున్నాను. ఎవరూ రాకపోతే ఆగకుండా నడిపిస్తాను. సూరమ్మ గోడ ఇప్పుడు స్టాప్ కాదు.

ఆ తగువు జరిగిన మర్నాడు సోమవారం. తెల్లారేసరికి ఒడ్డుకెళ్ళాను. మా ఊరి సింహాచలం పాట పాడుతున్నాడు, అంటే చేపలు కుప్పలుగా పోసి వేలం వేస్తున్నాడు. ఆడవాళ్ళు చుట్టూ మూగి ఉన్నారు. ఎర్రమ్మ దూరంగా, వలలు ఆరేసిన కర్రల అవతల ఖాళీ గంపతో నిలబడి ఉంది.

"సింహాచలం, పాట ఆపరా. ఒక మాట సెప్పాల" అన్నాను.

"పక్కకి రాయే మామ్మా, సేపలు ఎండిపోతన్నాయి."

"ఎండనీ. సూరమ్మ ఎదురు రానేదు. మొగుణ్ణి ఎల్లొద్దని పడవట్టుకుంది. మా అయ్య తోసీసినాడు. నాను సూసాను."

అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పడవ తోయబోతున్న కుర్రాళ్ళు కూడా ఆగారు. సింహాచలం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఏటి సేసావే మామ్మా?"

"కథ సెప్పుకుని తిన్నాను" అన్నాను.

 సింహాచలం కర్రల వైపు తిరిగి, "ఎర్రమ్మా, ఆడేటి సేత్తన్నావ్? రా, కవళ్ళు పాడతన్నాను" అని కేకేశాడు. ఆమె వచ్చింది. పడవ ముందు నుంచే నడిచి వచ్చింది. ఒక కుర్రాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ అడ్డు చెప్పలేదు. ఆమె ధర పాడింది, ఆ కవళ్ళ చేపల కుప్ప ఆమెకే వచ్చింది.

నిండు గంప ఒక్కరి వల్ల నెత్తికెక్కదు, ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. నేనే దగ్గరగా ఉన్నాను. వంగి అటువైపు అంచు పట్టుకున్నాను. ఎర్రమ్మ తన వైపు అంచు వదిలేసి, చేతులు చీరకు తుడుచుకుని నిలబడింది. నేను వదిలేదాకా అలాగే ఉంది. అవతలి పడవ దగ్గర్నుంచి వేరే ఆవిడ వచ్చి చెయ్యి వేసింది. గంప నెత్తికెత్తుకుని ఎర్రమ్మ బస్సు వైపు వెళ్ళిపోయింది.